చివరగా దేనితో కడిగారు? రూట్ కెనాల్‌లో సీలర్ పట్టు వెనక సంగతి

రూట్ కెనాల్ చికిత్స అంటే పంటిలోని నరం తీసేసి ఆ ఖాళీని నింపేయడమే అని చాలామంది అనుకుంటారు. ఈ రెండు పనుల మధ్య చాలాసేపు సాగేది మరొకటుంది, అది కడగడం. ఫైళ్లు అనే సన్నటి పనిముట్లతో ఎంత జాగ్రత్తగా గీకినా కెనాల్ (పంటి వేరులోని సన్నటి దారి) గోడలన్నిటికీ అవి తగలవు. కెనాల్ గుండ్రటి గొట్టంలా ఉండదు. కొన్నిచోట్ల నొక్కేసినట్టు బల్లపరుపుగా, కొన్నిచోట్ల పాయలుగా చీలి ఉంటుంది. మైక్రో సీటీ స్కాన్లతో ముందూ వెనకా పోల్చి చూసిన పరిశోధనల్లో గోడల వైశాల్యంలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, ఫైలు తాకకుండా మిగిలిపోయినట్టు తేలింది. అక్కడికి వెళ్లగలిగేది ద్రవమే.

క్రిములను చంపడం, మిగిలిపోయిన కణజాలాన్ని కరిగించడం ఆ ద్రవం పని. అయితే ఆ పని చేస్తూనే అది గోడను కూడా మార్చేస్తుంది. ఖనిజాన్ని లాగేయడమో, ప్రొటీన్‌ను తినేయడమో, తన ఆనవాలు కొంత అక్కడే వదిలిపోవడమో జరుగుతుంది. తర్వాత వచ్చే సీలర్ అనే జిగురు అంటుకోవాల్సింది ఆ మారిన గోడకే. సీలర్ అదే, పని చేసే చెయ్యీ అదే, అయినా చివర్లో వాడిన ద్రావణం మారితే పట్టు మారిపోవడానికి కారణం ఇదే.

సీలర్ అవసరం ఎందుకో ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. కెనాల్‌లో నింపే గట్టాపర్చా అనే రబ్బరు లాంటి కడ్డీకి డెంటిన్‌తో, అంటే కెనాల్ గోడ తయారైన గట్టి పదార్థంతో, ఏ బంధమూ లేదు. ఎంత ఒత్తి పెట్టినా గోడకూ కడ్డీకీ మధ్య సందులు ఉంటాయి. ఆ సందుల్ని పూడ్చే పల్చటి జిగురు పొరే సీలర్. అది గోడను వదిలేస్తే లాలాజలం, దాంతో పాటు బ్యాక్టీరియా మళ్లీ లోపలికి దిగే దారి ఏర్పడుతుంది.

గోడ దేనితో తయారైంది

డెంటిన్‌ను కాంక్రీటుతో పోల్చుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది. బరువు లెక్కన అందులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. ఆ సేంద్రియ భాగంలో దాదాపు 90 శాతం కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్. ఖనిజం సిమెంటు అనుకుంటే కొల్లాజెన్ లోపలి ఇనుప చువ్వలన్నమాట. ఈ కాంక్రీటు గుండా కెనాల్ నుంచి బయటికి లక్షల కొద్దీ సన్నటి నాళికలు వెళ్తుంటాయి. కెనాల్ వైపు వాటి వెడల్పు రెండున్నర మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాకా ఉంటుంది, బయటికి పోయేకొద్దీ ఒక మైక్రాన్‌కు తగ్గిపోతుంది.

ఫైలు తిరిగినప్పుడు ఈ గోడ మీద ఒక బురద పొర ఏర్పడుతుంది. రంపంతో కోస్తే పొట్టు రాలుతుంది కదా, ఇక్కడ తడి ఉండటం వల్ల ఆ పొట్టు రాలిపోకుండా గోడకే మెత్తుకుపోతుంది. డెంటిన్ పొడి, చచ్చిన కణజాలం, బ్యాక్టీరియా అన్నీ కలిసిన ఈ పొరను స్మియర్ లేయర్ అంటారు. రూట్ కెనాల్ గోడల మీద దీన్ని 1975లో మెక్‌కోంబ్, స్మిత్ అనే పరిశోధకులు మొదటిసారి వర్ణించారు. మందం ఒకటి రెండు మైక్రాన్లే. కానీ నాళికల నోళ్లలోకి బిరడాల్లా దిగబడి, కొన్నిచోట్ల 40 మైక్రాన్ల లోతు దాకా పోతుంది. దుమ్ము దులపని గోడకు రంగు వేస్తే రంగు అంటుకునేది దుమ్ముకే, గోడకు కాదు. స్మియర్ లేయర్ మీద వేసిన సీలర్ పరిస్థితి కూడా ఇంచుమించు అదే.

చువ్వల్ని తినేది ఒకటి, సిమెంటును తినేది ఒకటి

రూట్ కెనాల్‌లో ఎక్కువగా వాడే ద్రావణం సోడియం హైపోక్లోరైట్. ఇళ్లలో వాడే బ్లీచ్‌లో ఉండేదీ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్త 0.5 శాతం హైపోక్లోరైట్‌తో సైనికుల గాయాలు కడిగించాడు, ఆ తర్వాత అది దంతవైద్యంలోకి వచ్చింది. ఇప్పుడు 0.5 నుంచి 6 శాతం దాకా రకరకాల గాఢతల్లో వాడుతున్నారు. వాడుకలో ఉన్న ద్రావణాల్లో చచ్చిన కణజాలాన్ని ఇంత బాగా కరిగించేది వేరే లేదు, అందుకే దాన్ని పక్కన పెట్టే ప్రశ్నే రాదు. చిక్కేమిటంటే దానికి చచ్చిన ప్రొటీన్‌కూ డెంటిన్‌లోని కొల్లాజెన్‌కూ తేడా తెలియదు. దొరికిన చువ్వనల్లా తినేస్తుంది. పైగా విడిపోయేటప్పుడు ఆక్సిజన్ విడుదలై నాళికల్లో కొంత మిగిలిపోతుంది.

రెండోది ఈడీటీఏ. 1957లో నైగార్డ్ ఓస్ట్‌బీ అనే దంతవైద్యుడు దీన్ని ఎండోడాంటిక్స్‌లోకి, అంటే రూట్ కెనాల్ వైద్యంలోకి తెచ్చాడు. సాధారణంగా 17 శాతం ద్రావణం వాడతారు. ఇది కాల్షియాన్ని పట్టి లాగేస్తుంది, అంటే సిమెంటును తినే రకం. స్మియర్ లేయర్‌లో ఎక్కువ భాగం ఖనిజపు పొడే కాబట్టి దాన్ని తీసేయడంలో హైపోక్లోరైట్ చేతకాని పనిని ఇది నిమిషంలో చేస్తుంది. నిమిషం అన్నది ఊరికే అన్న మాట కాదు. పది నిమిషాలు వదిలేస్తే నాళికల నోళ్లు పెద్దవై, మధ్య గోడలు కూడా తినేసినట్టు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కనిపిస్తుంది. శుభ్రంగా ఉండాలని ఎక్కువసేపు నానబెట్టడం ఇక్కడ పనికిరాదు.

ఏది ముందు, ఏది వెనక అన్నది దీని తర్వాత వచ్చే ప్రశ్న. ముందు హైపోక్లోరైట్ పోసినప్పుడు గోడ లోపలి చువ్వల్ని సిమెంటు కాపాడుతుంది, పైపైన ఉన్నవే పోతాయి. తర్వాత ఈడీటీఏ వస్తే పై సిమెంటు కరిగి కొత్త చువ్వలు బయటపడతాయి. అక్కడితో ఆపేస్తే గోడ మీద కొల్లాజెన్ పీచు తేలి ఉంటుంది. అలా ఆపకుండా మళ్లీ హైపోక్లోరైట్ పోస్తే ఇప్పుడు కాపలా లేని ఆ చువ్వల్ని అది సులువుగా కరిగిస్తుంది. నాళికల నోళ్లు గరాటుల్లా వెడల్పవుతాయి, గోడ కోసుకుపోయినట్టవుతుంది. వాడిన సీసాలు ఆ రెండే, వరస మారేసరికి గోడలు పూర్తిగా వేరు. రెండింటినీ ఒకే సిరంజిలో కలిపేద్దామా అంటే కుదరదు, ఈడీటీఏ తగిలిన కొద్ది నిమిషాల్లోనే హైపోక్లోరైట్‌లో పనిచేసే క్లోరిన్ చాలావరకు ఖర్చైపోతుంది.

ఏ సీలర్‌కు ఎలాంటి గోడ కావాలి

ఫలానా ద్రావణం పట్టు పెంచుతుంది, ఫలానాది తగ్గిస్తుంది అని టోకున చెప్పే మాటల్ని నమ్మడం కష్టం. ఏ సీలర్‌కు అన్నది చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు.

ఏహెచ్ ప్లస్ లాంటి ఎపాక్సీ రెజిన్ సీలర్లను తీసుకోండి. పరిశోధనశాలల్లో చాలాకాలంగా కొలబద్దగా వాడుతున్నది వీటినే. ఎపాక్సీ వలయం తెరుచుకుని కొల్లాజెన్‌లోని అమైనో గుంపులతో బంధం కట్టుకుంటుందన్నది వీటి పట్టుకు ఎక్కువమంది చెప్పే వివరణ. అది నిజమైతే వీటికి చువ్వలు బయటికి కనిపించే గోడ కావాలి. హైపోక్లోరైట్ తర్వాత ఈడీటీఏతో ముగిస్తే ఇలాంటి సీలర్ల పట్టు పెరిగినట్టు ఎన్నో పరీక్షల్లో కనబడింది. హైపోక్లోరైట్ ఒక్కటే వాడి స్మియర్ లేయర్ వదిలేస్తే తగ్గింది. వివరణకూ ఫలితానికీ పొత్తు కుదురుతున్న చోటు ఇది.

మెథాక్రిలేట్ రెజిన్ సీలర్ల సంగతి వేరు. అవి గట్టిపడేది ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన కణాల గొలుసు చర్యతో. ఆక్సిజన్ ఆ చర్యకు బద్ధ శత్రువు. హైపోక్లోరైట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి వదిలిన ఆక్సిజన్ గోడ పక్కనే ఉంటే అక్కడ రెజిన్ సరిగా గట్టిపడదు. ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, లేదా దాని సోడియం లవణంతో కడిగితే పోయిన పట్టు చాలావరకు తిరిగి వస్తుందని పరీక్షల్లో తేలింది. రసాయనికంగా ఇది ముచ్చటైన రుజువు, ఎందుకంటే ఆక్సీకరణ వల్లే పట్టు పోయిందని దాని విరుగుడే చెప్పేసింది. ఎపాక్సీ సీలర్లు గట్టిపడే పద్ధతి వేరు కాబట్టి ఆక్సిజన్ బెడద వాటికి ఈ స్థాయిలో ఉండదు. ఈ తేడా చూడకుండా రెజిన్ సీలర్లన్నిటినీ ఒకే గాటన కట్టే రాతలు తరచూ కనిపిస్తాయి.

ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్నవి కాల్షియం సిలికేట్ సీలర్లు. వాడుకలో బయోసెరామిక్ అంటారు. ఇవి సిమెంటు కుటుంబం. గట్టిపడాలంటే నీళ్లు కావాలి. సిరంజిలో తయారుగా వచ్చే రకాలైతే ఆ నీటిని డెంటిన్ నాళికల్లోంచే తీసుకుంటాయి. గట్టిపడేటప్పుడు పుట్టే క్షారం గోడ మీది కొల్లాజెన్‌ను సడలించి, ఖనిజం అందులోకి చొరబడేలా చేస్తుందని, అలా గోడకూ సీలర్‌కూ మధ్య ఒక కలగలుపు పొర ఏర్పడుతుందని వివరిస్తారు. కాల్షియం వీటికి ప్రాణం. ఈడీటీఏ పనేమో కాల్షియాన్ని లాక్కుపోవడం. చివర్లో పోసిన ఈడీటీఏ సరిగా కడిగి తీసేయకపోతే గోడలోని కాల్షియంతో పాటు సీలర్‌లో పుట్టే కాల్షియం మీదా చెయ్యి వేస్తుంది. ఈ సీలర్ల విషయంలో పరిశోధనల ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. కొన్నిటిలో ఈడీటీఏతో పట్టు పెరిగింది, కొన్నిటిలో తగ్గింది, కొన్నిటిలో తేడాయే లేదు. స్మియర్ లేయర్ పోవడం వల్ల వచ్చే లాభం, కాల్షియం పోవడం వల్ల వచ్చే నష్టం ఎదురెదురుగా లాగుతుంటే ఫలితం అటూ ఇటూ ఊగడంలో వింత లేదు. ఈడీటీఏ తర్వాత శుభ్రమైన నీటితోనో సెలైన్‌తోనో కడిగి దాని అవశేషం తీసేయాలన్నది మాత్రం రెండు వైపులవాళ్లకూ చెల్లే మాట.

జింక్ ఆక్సైడ్ యూజినాల్ సీలర్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. పాతకాలం నుంచి వస్తున్నవి, పట్టు పరీక్షల్లో తరచూ అట్టడుగునే నిలుస్తాయి. అయినా వాటితో దశాబ్దాల పాటు చికిత్సలు నిలబడ్డాయి. ఈ చిన్న సంగతి కాసేపట్లో మళ్లీ అవసరపడుతుంది.

గోధుమ రంగు, తెల్ల రంగు

ఇంకో ద్రావణం క్లోర్‌హెక్సిడిన్. దాని స్వభావం హైపోక్లోరైట్, ఈడీటీఏ రెండింటికీ భిన్నం. సాధారణంగా 2 శాతం గాఢతలో వాడతారు. కణజాలాన్ని కరిగించదు, స్మియర్ లేయర్‌ను తీయదు. ధనావేశం ఉండటం వల్ల గోడకు పట్టుకుని ఉండి చాలాకాలం క్రిముల్ని అడ్డుకుంటుంది. కొల్లాజెన్‌ను నెమ్మదిగా కొరికేసే ఎంజైములు డెంటిన్‌లోనే ఉంటాయి, వాటినీ ఇది ఆపుతుంది. ఆ లెక్కన చువ్వల మీద ఆధారపడే సీలర్లకు ఇది మేలు చేయాలి. చాలా పరీక్షల్లో రెజిన్ సీలర్ల పట్టుకు దీనివల్ల హాని కనబడలేదు.

అసలు సమస్య అది ఎవరి తర్వాత వచ్చిందన్నదే. కెనాల్‌లో హైపోక్లోరైట్ మిగిలి ఉండగా క్లోర్‌హెక్సిడిన్ పోస్తే క్షణాల్లో గోధుమ రంగు మడ్డి ఏర్పడుతుంది. ఈడీటీఏ మీద పోస్తే తెల్లటి లవణం పేరుకుంటుంది. గోధుమ మడ్డిలో పారా క్లోరో అనిలిన్ అనే విష పదార్థం ఉందా లేదా అన్న వాదం సాగుతూనే ఉంది. పట్టు కోణంలో చూస్తే ఆ వాదం తేలకపోయినా ఇబ్బంది లేదు. మడ్డి ఏదైనా నాళికల నోళ్లు మూసేస్తుంది, అంటే కష్టపడి తీసేసిన స్మియర్ లేయర్ బదులు చేతులారా ఇంకో పొర వేసినట్టే. మధ్యలో సెలైన్‌తోనో నీటితోనో బాగా కడిగి, పేపర్ పాయింట్లు అనే తడి పీల్చే కాగితపు పుల్లలతో ఆరబెట్టి, అప్పుడు క్లోర్‌హెక్సిడిన్ వాడమనేది ఇందుకే.

ఎటిడ్రోనేట్‌ది కొత్త దారి. ఇది ఈడీటీఏ కన్నా మెత్తగా కాల్షియాన్ని పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, హైపోక్లోరైట్‌తో కలిపినా దాని క్లోరిన్‌ను వెంటనే చంపేయదు. అందువల్ల అప్పటికప్పుడు కలుపుకుని మొదటి నుంచి చివరి దాకా ఒకే ద్రావణంతో పని కానివ్వచ్చు. బురద పేరుకున్నాక తీసే బదులు పేరుకోకుండానే చూడటం దీని వెనకున్న ఆలోచన. గోడ తక్కువగా దెబ్బతింటుంది. వరస గొడవ కూడా చాలావరకు తప్పుతుంది.

ఆరబెట్టడం కూడా కడగడంలో భాగమే

ఎంత తడి ఉంచాలన్నది ద్రావణం అంత ముఖ్యమైన విషయం, దాని మీద చర్చ మాత్రం తక్కువ. నీళ్లు నిలిచిన గోడకు రెజిన్ అంటుకోదు. ఎముకలా ఎండగొట్టిన గోడ మీద కొల్లాజెన్ పీచు కుప్పకూలి చాపలా అతుక్కుపోతుంది, సీలర్ అందులోకి చొరబడలేదు. ఆల్కహాల్‌తో చివరి తడిని లాగేస్తే నీరంటే పడని సీలర్లు గోడ మీద బాగా పరుచుకోవచ్చు. అదే పని కాల్షియం సిలికేట్ సీలర్ ముందు చేస్తే అది గట్టిపడటానికి కావాల్సిన నీటినే పారబోసినట్టు. పేపర్ పాయింట్ పొడిగా బయటికి రాగానే ఆపేయడం, గాలి ఊది ఎండగొట్టకపోవడం ఎక్కువ సీలర్లకు సరిపోయే పద్ధతి. గోడ పైకి పొడిగా కనిపించినా నాళికల్లో తేమ ఉండనే ఉంటుంది.

మెగాపాస్కల్స్‌ని ఎంత నమ్మాలి

ఈ పోలికలన్నీ ఎక్కువగా పుష్ అవుట్ అనే పరీక్ష మీద నిలబడ్డాయి. పీకేసిన పంటి వేరును నింపి, సీలర్ గట్టిపడ్డాక ఒక మిల్లీమీటరు మందం బిళ్లలుగా కోస్తారు. సన్నటి కడ్డీతో మధ్యలోని పూరకాన్ని నెడతారు. అది ఊడే దగ్గర పడిన బలాన్ని అతుకు వైశాల్యంతో భాగిస్తే మెగాపాస్కల్స్‌లో అంకె వస్తుంది. తర్వాత మైక్రోస్కోపు కింద ఎక్కడ ఊడిందో చూస్తారు. గోడ దగ్గరే వదిలేసిందా, సీలరే మధ్యలో చీలిందా, రెండూ కలిసి జరిగాయా అన్నది అంకె కన్నా ఎక్కువ చెబుతుంది. సీలరే చీలితే ఆ అంకె సీలర్ బలానిది, అతుకుది కాదు.

నెట్టే కడ్డీ మందం, బిళ్ల మందం, పన్ను వయసు, మధ్యలో గట్టాపర్చా ఉందా లేక కెనాల్ అంతా సీలరే నింపారా, ఇలా ఏది మారినా అంకె మారుతుంది. గట్టాపర్చా మెత్తగా వంగిపోతుందని కొన్ని పరీక్షల్లో కెనాల్‌ను ఒట్టి సీలర్‌తోనే నింపుతారు. నోట్లో సీలర్ పల్చటి పొరగా ఉంటుంది, పరీక్షలో ముద్దగా ఉంది. రెండూ ఒకటే అనుకోవడానికి వీల్లేదు. రెండు వేర్వేరు పరిశోధనల అంకెల్ని పక్కపక్కన పెట్టి ఏ సీలర్ గెలిచిందో తేల్చడం ఇంకా దండగ.

కెనాల్ ఆకారం కూడా అతుకుకు అనుకూలం కాదు. రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. గోడకు అంటుకున్న మేర ఎక్కువై, స్వేచ్ఛగా కదిలే మేర తక్కువైతే ఆ కుంచింపు అతుకునే పీకుతుంది. మామూలు పంటి పూరకంలో ఈ నిష్పత్తి 1 నుంచి 5 మధ్య ఉంటే పొడవాటి సన్నటి కెనాల్‌లో 1,000 దాటవచ్చని లెక్క కట్టారు. సీలర్, కడ్డీ, గోడ అన్నీ ఒకే దిమ్మెగా అతుక్కుపోతాయన్న ఆశతో 2004 ప్రాంతంలో రెసిలాన్ అనే పూరకం వచ్చింది. ఆలోచన గొప్పదే. కానీ ఆ అతుకు అనుకున్నంత నిలవలేదు, పూరకమే ఎంజైముల వల్ల కరిగిపోగలదని తేలింది, చివరికి మార్కెట్లోంచి పోయింది. గోడను అంతగా పట్టుకోని జింక్ ఆక్సైడ్ సీలర్లు మాత్రం నిలిచాయి. పట్టు ఎక్కువైతే చికిత్స ఎక్కువకాలం నిలుస్తుందని చెప్పే గట్టి క్లినికల్ ఆధారం ఇంకా లేదు.

ఇక వేరు కొన. కెనాల్ సన్నటి పాయలుగా చీలడం, మూసుకుపోయిన నాళికలు ఎక్కువగా ఉండేది అక్కడే. ద్రావణం సూది మొనకు కొద్ది దూరం మించి ముందుకు పోదు. కొన దగ్గర గాలి బుడగ చిక్కుకుని దారి అడ్డుకుంటుంది. ఫలితంగా స్మియర్ లేయర్ ఎక్కువగా మిగిలేదీ అక్కడే. పై భాగంలో ఏ ద్రావణం మేలన్న చర్చ ఎంత జరిపినా, కొన దాకా ఆ ద్రావణం చేరిందా లేదా అన్నదే అక్కడి పట్టును తేలుస్తుంది. అల్ట్రాసోనిక్ కడ్డీతో ద్రవాన్ని కదిలించడం వల్ల వచ్చే లాభం, సీసా మార్చడం వల్ల వచ్చే లాభం కన్నా అక్కడ ఎక్కువ కావచ్చు.

పని చేసే గదిలో దీన్నెలా వాడుకోవాలన్నదానికి ఒక్క జవాబు లేదు. పని సాగినంతసేపూ హైపోక్లోరైట్, చివర్లో ఒక నిమిషం ఈడీటీఏ అన్నంతవరకు పెద్దగా పేచీ లేదు. ఎపాక్సీ సీలర్ అయితే అక్కడ ఆపి నీటితో కడిగేయడం మంచిది. కాల్షియం సిలికేట్ అయితే ఆ నీటి కడుగు ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాలి, గోడను పూర్తిగా ఆరబెట్టకూడదు. ఇన్ఫెక్షన్ ముదిరిన పన్ను అయితే లెక్క మారుతుంది. ఈడీటీఏ నాళికల్ని తెరిచిన తర్వాతే హైపోక్లోరైట్ వాటి లోపలికి బాగా దిగుతుంది కాబట్టి చివరిసారి కాసేపు దాన్ని పోయాలని కోరుకునేవాళ్లకు గట్టి కారణమే ఉంది. గోడ కొంత కోసుకుపోయి పట్టులో ఒకటి రెండు మెగాపాస్కల్స్ తగ్గినా, నాళికల్లో బ్యాక్టీరియాను వదిలేసి బ్రహ్మాండంగా అతికించడం కన్నా అది నయం.

పట్టు మరీ ఎక్కువైనా చిక్కే. చికిత్స విఫలమైతే మళ్లీ తెరిచి, నింపినదంతా తీసేసి, కెనాల్‌ను మొదటి నుంచి కడగాలి. గట్టాపర్చా వేడికీ ద్రావకాలకూ లొంగుతుంది. గట్టిపడిన కాల్షియం సిలికేట్ సీలర్‌ను కరిగించడానికి మామూలు ద్రావకాలు పనికిరావు, వంపు తిరిగిన కొన దగ్గర దాన్ని గీకి తీయడానికి ఒక్కోసారి ఆ పూటంతా పడుతుంది.